పైన పొడి, లోపల తడి

అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదకు వస్తే మన తెలుగునాట చేతులు వెంటనే నొక్కే అంకెలు మూడు: ఒకటి, సున్న, ఎనిమిది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఆ అంబులెన్సు సేవ పట్టణాలనూ పల్లెలనూ చేరి లెక్కకు మిక్కిలి ప్రాణాలను నిలబెట్టింది. ప్రసవవేదనతో ఉన్న తల్లులు, రోడ్డు ప్రమాదాల్లో పడినవారు, పాముకాటుకు గురైన రైతుకూలీలు ఎందరో ఆ వాహనాల్లోనే ఆసుపత్రులకు చేరారు. ఆ సేవను నెలకొల్పిన వ్యక్తి బైర్రాజు రామలింగరాజు.

అదే వ్యక్తిని 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం కుట్ర, మోసం, నమ్మకద్రోహం, ఖాతాల తారుమారు వంటి నేరాలకు దోషిగా నిర్ధారించింది. ఏడేళ్ళ కఠిన కారాగార శిక్ష, కోట్ల రూపాయల జరిమానా విధించింది.

మనిషి ఒక్కడే, లెక్కలు మాత్రం రెండు. ఒక లెక్కలో నిలబడిన ప్రాణాలున్నాయి. మరో లెక్కలో వేల కోట్ల అబద్ధం ఉంది. ఈ రెండింటినీ ఎలా చదవాలన్నది ఒక్క రామలింగరాజుకు సంబంధించిన ప్రశ్న కాదు. మన ఇళ్ళలో డబ్బు దాచుకునే ప్రతివారికీ, మన బజార్లలో వ్యాపారం చేసే ప్రతివారికీ సంబంధించిన ప్రశ్న. అందుకే ఇన్నేళ్ళు గడిచిన తర్వాత కూడా ఆ కథను ఈ నెల మరొకసారి పాఠకుల ముందుంచుతున్నాము.

ఎదిగిన తీరు

రామలింగరాజు 1954లో భీమవరంలో జన్మించారు. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాలలో బి.కాం., అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. చదివారు. స్వదేశానికి తిరిగి వచ్చి నూలు మిల్లు, గృహనిర్మాణం వంటి వ్యాపారాలలో చేయి పెట్టారు. 1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌ను స్థాపించారు. అప్పటికి అందులో పనిచేసినవారు సుమారు ఇరవై మంది.

1991లో జాన్ డీర్ అనే అమెరికా ట్రాక్టర్ల సంస్థ పని దక్కింది. 2000 సంవత్సరం దగ్గరపడుతున్న కొద్దీ పాత కంప్యూటర్లలో తేదీల లెక్క తప్పుతుందన్న భయం ప్రపంచమంతటా వ్యాపించింది. దానిని సరిచేసే పని కోసం పాశ్చాత్య సంస్థలు భారతదేశం వైపు చూశాయి. సత్యం ఆ అలపై ఎదిగింది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో దాని వాటాల లావాదేవీలు మొదలయ్యాయి. 2008 నాటికి అరవైకి పైగా దేశాలలో కార్యకలాపాలు, యాభై వేలకు పైగా ఉద్యోగులు ఉన్న సంస్థగా నిలిచింది. ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలకు ప్రాయోజకులలో ఒకటిగా దాని పేరు వెలిగింది.

అది తెలుగువారి ఇళ్ళలో ఒక కల. తాము చదువుకోలేకపోయినా కొడుకునో కూతురునో ఇంజనీరింగు చదివించి అటువంటి సంస్థలో చూడాలని తల్లిదండ్రులు పొలం అమ్మారు, నగలు తాకట్టు పెట్టారు. మా వేటపాలెం వంటి చేనేత ఊళ్ళలో మగ్గం గుంటలో కూర్చున్న తండ్రి తన కొడుకు చల్లని గదిలో కంప్యూటరు ముందు కూర్చోవాలని కోరుకున్నాడు. కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కలకు సత్యం అన్న పేరు తోడయింది. పేరులోనే నిజముంది, ఇక అనుమానించవలసినదేముంది?

పాలకమండలిని చూసినవారికి అనుమానం మరింత దూరమయ్యేది. అందులో అమెరికాలోని హార్వర్డ్ ఆచార్యుడొకరు, కేంద్ర ప్రభుత్వంలో క్యాబినెట్ కార్యదర్శిగా పనిచేసి విరమించినవారొకరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ అధిపతి ఒకరు ఉన్నారు. ఖాతాలను తనిఖీ చేసేది ప్రపంచ ప్రసిద్ధి గల ప్రైస్ వాటర్‌హౌస్. 2008 సెప్టెంబరులో సంస్థల సుపరిపాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా సత్యానికే దక్కింది.

మా ఊరి సారస్వత నికేతనం 1918లో స్థాపితమైన గ్రంథాలయం. పాత పత్రికలను పదిలపరచిన చోటుగా దానికి పేరుంది. 2008 సెప్టెంబరు నాటి పత్రికనూ 2009 జనవరి నాటి పత్రికనూ పక్కపక్కన పెట్టి చదివితే నాలుగు నెలల్లో లోకం మాట ఎలా మారిపోతుందో ఎవరికైనా అర్థమవుతుంది.

కూలిన తీరు

2008 డిసెంబరు 16న సత్యం ఒక ప్రకటన చేసింది. రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటున్నామన్నది దాని సారాంశం. సత్యం అన్న పేరును ఆంగ్లాక్షరాలలో వెనుక నుండి ముందుకు చదివితే వచ్చేదే మేటాస్. ఒక జేబులోని వాటాదారుల సొమ్మును మరో జేబులోని కుటుంబ సంస్థలకు మళ్ళిస్తున్నారని మదుపరులు మండిపడ్డారు. కొద్ది గంటల్లోనే ఆ ఒప్పందాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. పాలకమండలిలోని పెద్దలు ఒక్కొక్కరుగా తప్పుకున్నారు.

2009 జనవరి 7న రామలింగరాజు తన పాలకమండలికి ఒక లేఖ రాశారు. ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవన్నారు. రావలసిన వడ్డీ అని చూపిన 376 కోట్లు లేవు. తీర్చవలసిన 1,230 కోట్ల అప్పు ఖాతాల్లోకి ఎక్కలేదు. ఖాతాదారుల నుండి రావలసిన బాకీలను 490 కోట్ల మేర పెంచి చూపారు. అన్నీ కలిపితే 7,136 కోట్లు.

అంతకుముందు జూలై నుండి సెప్టెంబరు వరకు గడిచిన మూడు నెలల లెక్కను ఆయనే విప్పి చెప్పారు. 2,700 కోట్ల రాబడి అని లోకానికి చూపారు, నిజమైన రాబడి 2,112 కోట్లు. 649 కోట్ల మిగులు అని చూపారు, నిజంగా మిగిలింది 61 కోట్లు. మూడు నెలల్లో 588 కోట్ల రూపాయలు గాలిలో నుండి పుట్టాయన్నమాట.

ఆ లేఖ వెలువడిన రోజున సుమారు 179 రూపాయలున్న సత్యం వాటా ధర సాయంత్రానికి నలభై రూపాయలకు పడిపోయింది. ఉదయం వంద వాటాలున్న చిన్న మదుపరి చేతిలో దాదాపు పద్దెనిమిది వేల రూపాయల ఆస్తి ఉంటే, ప్రొద్దుగూకేసరికి మిగిలింది నాలుగు వేలు. పదవీ విరమణ సొమ్మును అందులో పెట్టిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు దేశంలో ఎందరో ఉన్నారు. రెండు రోజుల తర్వాత రామలింగరాజునూ ఆయన సోదరుణ్ణీ అరెస్టు చేశారు.

అబద్ధం పనిచేసిన తీరు

ఇంత పెద్ద అబద్ధం ఏళ్ళ తరబడి ఎలా నిలిచింది? లెక్కల పుస్తకం తెలియని గృహిణికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాము.

ఒక దుకాణదారుడు వెయ్యి రూపాయల అమ్మకం జరిగిన రోజున పన్నెండు వందలని రాసుకున్నాడనుకోండి. ఆ రెండు వందలకు ఒక దొంగ రసీదు కావాలి. సత్యం ఉదంతంలో అటువంటి దొంగ ఇన్వాయిసులు ఏడు వేలకు పైగా ఉన్నాయని దర్యాప్తులో తేలింది. రసీదు పుట్టిన తర్వాత డబ్బు ఎప్పుడొస్తుందని ఎవరైనా అడుగుతారు. కనుక డబ్బు వచ్చిందని రాయాలి. వస్తే ఎక్కడుందని అడుగుతారు. కనుక బ్యాంకులో ఉందని దొంగ పత్రం పుట్టాలి. అంత డబ్బు బ్యాంకులో ఊరకే ఎందుకుందని అడుగుతారు. కనుక ఫిక్సెడ్ డిపాజిట్ వేశామని మరో పత్రం పుట్టాలి. డిపాజిట్ ఉంటే వడ్డీ రావాలి కదా! లేని డిపాజిట్‌కు రాని వడ్డీని కూడా రాయవలసి వచ్చింది. పైన చెప్పిన 376 కోట్లు అవే.

నిజానికీ లెక్కకూ మధ్య ఖాళీ మొదట్లో చిన్నదేననీ, ఏటేటా అది పెరిగి చేయి దాటిపోయిందనీ ఆయన తన లేఖలో చెప్పుకున్నారు. పులి మీద స్వారీ చేస్తూ దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియని స్థితితో తన స్థితిని పోల్చుకున్నారు. మా ఊరి నేతగాళ్ళను అడిగితే ఇదే సంగతిని మరో విధంగా చెబుతారు. పడుగులో ఒక్క పోగు తెగితే అక్కడే ఆగి ముడివేయాలి. చూసీ చూడనట్లు నేసుకుంటూ పోతే ఆ గీత బట్ట పొడవునా వస్తుంది. మగ్గం ఆపితే అరగంట కూలి పోతుంది, ఆపకపోతే చీరే పోతుంది. మొదటి త్రైమాసికంలో లాభం తగ్గిందని నిజం చెప్పి ఉంటే వాటా ధర కొంత పడి ఉండేది, కొందరు విమర్శించి ఉండేవారు. అరగంట కూలిని దక్కించుకోవడానికి ఆయన చీరనే పోగొట్టుకున్నారు.

అయితే ఈ అబద్ధాన్ని పట్టుకోవలసినవారు ఏమి చేస్తున్నారు? ఇక్కడే ఈ కథలోని అతి ముఖ్యమైన పాఠం ఉంది. బ్యాంకులో డబ్బు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఆడిటరు చేయవలసిన పని ఒక్కటే: బ్యాంకును తానే నేరుగా అడగడం. సత్యం విషయంలో సంస్థ చేతికిచ్చిన పత్రాలను నమ్మారే తప్ప బ్యాంకు నుండి నేరుగా ధ్రువీకరణ రప్పించుకోవడంలో విఫలమయ్యారు. దొంగ చేతి రాతను దొంగ నిజాయితీకే సాక్ష్యంగా తీసుకున్నారు. ఆడిటింగ్ సంస్థకు చెందిన భాగస్వాములు ఇద్దరు కూడా 2015 నాటి తీర్పులో దోషులుగా తేలారు. మొత్తం దోషులు పదిమంది.

వారిలో సంస్థ ఉద్యోగులు కూడా ఉన్నారన్నది గమనార్హం. ఒక మనిషి ఒంటరిగా ఏడు వేల దొంగ రసీదులు రాయలేడు. పైవారు చెప్పారని రాసినవారు, తెలిసి మౌనం వహించినవారు, సంతకం పెట్టినవారు అందరూ ఆ బోనులోకి రావలసి వచ్చింది. యజమాని చెప్పాడు కనుక రాశానన్న జవాబు భూమి మీది న్యాయస్థానంలోనే చెల్లలేదు.

ధాన్యపు రాశి

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో నడుస్తూ ఒక ధాన్యపు రాశి వద్ద ఆగారు. రాశిలోకి చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వానకు తడిసిందని అతడు చెప్పాడు. మరి కొనేవారికి కనబడేలా తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసం చేసేవాడు మావాడు కాడని స్పష్టం చేశారు. ఈ హదీసు మనలో చాలామందికి తెలిసినదే.

ఈ ఉదంతంలో రెండు చేతులున్నాయి. తడిని దాచిన చేయి ఒకటి, రాశిలోకి దిగిన చేయి మరొకటి. మనం సాధారణంగా మొదటి చేతిని గురించే ప్రసంగిస్తాము. రెండవ చేతిని మరచిపోతాము. దైవప్రవక్త (స) పైన కనిపించిన పొడి గింజలను చూసి సాగిపోలేదు. వ్యాపారి ముఖం చూసి, మాట విని సరిపెట్టుకోలేదు. చేయి పెట్టి చూశారు. పరీక్షించడం అవమానించడం కాదని ఆ చేత్తోనే మనకు నేర్పారు.

మా వేటపాలెంలో జీడిపప్పు కొనేవారికి ఈ సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. సంచి మూతి దగ్గర గుండు పప్పు మెరుస్తుంటుంది. అనుభవమున్న కొనుగోలుదారు దానిని మెచ్చుకుంటూనే చేయి అడుగుకు దించుతాడు. అడుగున బద్దలున్నాయా, ముక్కలున్నాయా అని చూస్తాడు. మంచి వ్యాపారి దానికి నొచ్చుకోడు, తానే సంచి కుమ్మరించి చూపిస్తాడు. నొచ్చుకున్నాడంటేనే అనుమానించాలి.

సత్యం రాశి పైన ఎన్ని పొడి గింజలున్నాయో చూశాము. హార్వర్డ్ ఆచార్యుడు ఒక గింజ, విదేశీ ఆడిటరు ఒక గింజ, బంగారు నెమలి ఒక గింజ. అంబులెన్సు కూడా ఆ రాశి పైన కనిపించిన గింజే. అడుగుకు చేయి దించినవారు లేరు.

దివ్యఖుర్ఆన్‌లోని అతి పొడవైన వాక్యం బఖరా సూరాలో ఉంది. అది వివరించేది అప్పు పత్రం రాసుకోవడాన్ని. గడువు ఉన్న ప్రతి లావాదేవీనీ రాయాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందరాదని అది ఆదేశిస్తుంది. ఆ ఆదేశాన్ని మొదట విన్నవారు ఒకరి కోసం మరొకరు ప్రాణమిచ్చే సహచరులు. అంత నమ్మకమున్నవారికే పత్రం, సాక్షి అవసరమైతే మనకు అవసరం లేదని అనుకోవడం ఎట్లా చెల్లుతుంది?

దానం ఒక లెక్క, బాకీ ఒక లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. మదరసాలో క్రయవిక్రయాల పాఠం జరుగుతుండగా ఈ ఉదంతం ప్రస్తావనకు వచ్చినప్పుడు ఒక విద్యార్థి లేచి, "ఉస్తాద్, 108 వల్ల బతికినవారి దుఆలు ఆయనకు అక్కరకు రావా?" అని అడిగాడు. ఆ అబ్బాయి ప్రశ్నలో అమాయకత్వం లేదు, ఆలోచన ఉంది. పెద్దలు కూడా ఆ రోజుల్లో ఇదే అన్నారు. ఇంత మేలు చేసిన మనిషిని జైలులో పెట్టడమేమిటని తెలుగునాట వాపోయినవారు తక్కువేమీ కాదు.

అతనికి మేము చెప్పిన జవాబు ఇది. ఎవరి అంతరంగంలో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. ఎవరి సత్కార్యానికి ఏ ప్రతిఫలమన్నది నిర్ణయించడం మన పని కాదు. మంచిని మంచి అనాలి. అంబులెన్సు సేవ మంచిది. ఆయన పతనం తర్వాత ఇతరులు దాని బాధ్యత తీసుకున్నారు, ప్రభుత్వాలు ఆదుకున్నాయి. ఈనాటికీ అది నడుస్తున్నదంటే ఆ మంచికి బలం ఉన్నట్లే.

కానీ మనుషుల హక్కు వేరే లెక్క. దైవప్రవక్త (స) ఒకసారి సహచరులను ముఫ్లిస్ అంటే, దివాలా తీసినవాడంటే ఎవరని అడిగారు. డబ్బూ సామగ్రీ లేనివాడని వారు చెప్పారు. అప్పుడాయన అసలు దివాలాకోరు ఎవరో వివరించారు. ప్రళయదినాన నమాజు, రోజా, జకాత్ వెంటబెట్టుకొని వచ్చినవాడు, అయితే ఒకరిని తిట్టినవాడు, ఒకరి సొమ్ము తిన్నవాడు, ఒకరిని కొట్టినవాడు. అతని పుణ్యాలను తీసి బాధితులకు పంచుతారు. పుణ్యాలు అయిపోయినా బాకీ తీరకపోతే వారి పాపాలను అతని నెత్తిన వేస్తారు. ఈ హదీసు భావం అది.

ఇందులోని న్యాయాన్ని గమనించండి. దాత తన దానాన్ని చూపి బాకీని కొట్టివేయించుకోలేడు. ఎందుకంటే బాకీ కొట్టివేసే హక్కు ఆ సొమ్ము పోగొట్టుకున్నవాడిదే. ఒక విశ్రాంత గుమాస్తా పోగొట్టుకున్న సొమ్మును, ఎక్కడో అంబులెన్సులో బతికిన తల్లి క్షమించలేదు. ఆమెకు ఆ హక్కు లేదు. గుమాస్తాకు మాత్రమే ఉంది. దానం ఒక లెక్క, బాకీ ఒక లెక్క. ఒక పుస్తకంలోని జమను మరో పుస్తకంలోని ఖర్చుతో సరిపెట్టడం, ఆ సంస్థలో జరిగిన తప్పునే మన మనసులోనూ చేయడమవుతుంది.

తౌబాకు కూడా షరతులున్నాయి. తప్పు మానాలి, పశ్చాత్తాపపడాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి. ఆ తప్పు మనుషుల హక్కుకు సంబంధించినదైతే వారి హక్కు వారికి చేర్చాలి. లేఖ రాసి ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు. అయినా మేటాస్ ఒప్పందం బెడిసికొట్టి, దాచడానికి చోటు మిగలని వేళలో వచ్చిన ఒప్పుకోలు అది. తెల్లవారకముందే లేచి నమాజు చేయడానికీ, ఇల్లు అంటుకున్నాక లేవడానికీ తేడా ఉంది.

ఆ సొమ్ము ఎవరికి తిరిగి చేరింది? కేంద్ర ప్రభుత్వం కొత్త పాలకమండలిని నియమించి సంస్థను కాపాడింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయల చొప్పున చెల్లించి యాజమాన్యం చేపట్టింది. వేలాది ఉద్యోగాలు అలా నిలిచాయి. అమెరికాలోని వాటాదారులు సామూహిక దావా వేసి సంస్థ నుండి 12.5 కోట్ల డాలర్ల పరిహారం పొందారు. మన దేశంలోని చిన్న మదుపరులకు ఆనాడు అటువంటి దావా మార్గమే చట్టంలో లేదు. 2013 నాటి కంపెనీల చట్టంలోనే అది వచ్చింది. ఇక శిక్ష సంగతికి వస్తే, దోషులు అప్పీలు చేసుకోగా 2015 మే నెలలో పై న్యాయస్థానం శిక్షను నిలిపి బెయిలు ఇచ్చింది. లోకంలోని న్యాయం ఎంత నెమ్మదిగా నడుస్తుందో, పోగొట్టుకున్నవాడి చేతికి ఎంత తక్కువ చేరుతుందో దీనిని బట్టి తెలుస్తుంది. పోయాక వెదకడం కంటే పోకముందే చేయి పెట్టి చూసుకోవడం మేలు.

మనవాడన్న నమ్మకం

సత్యం లేఖ వెలువడడానికి నెల రోజులైనా ముందు కాదు, 2008 డిసెంబరు 11న అమెరికాలో బెర్నార్డ్ మేడాఫ్ అనే ధనికుడు అరెస్టయ్యాడు. కొత్తగా చేరినవారి సొమ్మును పాతవారికి లాభంగా పంచుతూ దశాబ్దాల తరబడి నడిపిన మోసం అది. అతనికి 150 ఏళ్ళ శిక్ష పడింది. 2021లో జైలులోనే మరణించాడు. అతడు కూడా పేరుపొందిన దాతే. అతని చేతిలో మోసపోయినవారిలో అతని సొంత యూదు సమాజానికి చెందిన ధర్మసంస్థలు, కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మనవాడు కదా అని ఎవరూ అడగలేదు.

మనకు ఇది దూరపు కథ కాదు. అగ్రిగోల్డ్ పేరు చెబితే నిట్టూర్చే ఇళ్ళు మన జిల్లాలలో కొల్లలు. 2018 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు హీరా గ్రూప్ అధిపతిని అరెస్టు చేశారు. 2019లో బెంగళూరులోని ఐఎంఏ సంస్థ వ్యవస్థాపకుడు మదుపరులను వదలి దేశం దాటి, తిరిగి వచ్చాక అరెస్టయ్యాడు. ఈ రెండింటిపైనా మోసం ఆరోపణలతో కేసులు నడిచాయి. తీర్పు చెప్పవలసింది న్యాయస్థానాలే, మేము కాదు. కానీ ఒక విషయం చెప్పక తప్పదు. ఆ రెండు చోట్లా సొమ్ము పెట్టినవారిలో అధికులు ముస్లింలు. వడ్డీ వద్దనుకుని, హలాల్ లాభం అన్న మాట విని, కూతురి నికాహ్ కోసం, హజ్ యాత్ర కోసం దాచుకున్నది తెచ్చి ఇచ్చినవారు.

వడ్డీకి దూరంగా ఉండాలన్న వారి సంకల్పం గొప్పది. ఆ సంకల్పమే వారిని ఆకర్షించే ఎర కావడం మన సమాజానికి బాధాకరం. హలాల్ అన్నది గోడ మీద రాసే పేరు కాదు, లెక్కలో కనబడవలసిన గుణం. వ్యాపారంలో భాగస్వామ్యం అంటే లాభంతో పాటు నష్టంలోనూ పాలు ఉంటుంది. నెలనెలా మారని లాభం ముందే ఖాయం చేసి, నష్టమన్న మాటే లేదని చెప్పేవాడు గడ్డం పెంచినా, టోపీ పెట్టినా, ఖురాన్ వాక్యంతో ప్రసంగం మొదలుపెట్టినా అది భాగస్వామ్యం కాదు.

కాబట్టి తల్లులారా, సోదరులారా, సొమ్ము చేయి దాటకముందు కొన్ని ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి. ఈ డబ్బుతో మీరు ఏమి కొంటారు, ఎవరికి అమ్ముతారు? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? ప్రజల నుండి డిపాజిట్లు తీసుకోవడానికి మీకు ఏ ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చింది? ఆ అనుమతి పత్రం మీరు చూపడం కాదు, మేము ఆ కార్యాలయాన్నే అడిగి తెలుసుకోవచ్చా? మా సొమ్ము మేము ఎప్పుడు అడిగితే అప్పుడు వస్తుందని రాసి సంతకం పెడతారా? వీధిలో నడిచే చీటీపాటకు కూడా ఇదే వర్తిస్తుంది. నడిపే ఆమె మంచి మనిషే కావచ్చు, పక్కింటి పెద్దమ్మే కావచ్చు. అయినా నెలనెలా ఎవరు కట్టారు, ఎవరు పాడుకున్నారు అన్నది ఒక పుస్తకంలో రాసి అందరూ సంతకం చేస్తే ఆమె గౌరవం పెరుగుతుందే కాని తరగదు.

వ్యాపారం చేసే సోదరులకు ఒక్క మాట. లెక్కలో మొదటి అబద్ధపు అంకె రాయడానికి కలం ఎత్తిన క్షణమే వెనక్కి తిరగడానికి సులువైన క్షణం. ఆ తర్వాత ప్రతి నెలా దారి ఇరుకవుతుంది. బేరం తగ్గితే తగ్గిందని చెప్పండి. అప్పుంటే ఉందని ఇంట్లో భార్యకు, పిల్లలకు, భాగస్తులకు చెప్పండి. తడి గింజలను పైన పెట్టినవాడికి ఆ రోజు ధర తగ్గవచ్చు. కానీ మరునాడు అదే బజారులోకి తల ఎత్తుకొని రాగలడు.

మసీదు కమిటీలు, మదరసా నిర్వాహకులు కూడా ఈ పాఠాన్ని తమకు వర్తింపజేసుకోవాలి. దాతల సొమ్ము మన చేతిలో అమానతు. ఏటా జమాఖర్చులను గోడకు అంటించి, అడిగినవారికి రసీదుల పుస్తకం తెరిచి చూపగలిగితేనే ధాన్యపు రాశి హదీసును జుమా ప్రసంగంలో చెప్పే అర్హత మనకుంటుంది.

ఇతరుల సొమ్మును నిప్పుకణికలా భావించే భయాన్నీ, సొంత సొమ్మును కాపాడుకునే వివేకాన్నీ, అడిగే ధైర్యాన్నీ, అడిగినప్పుడు చూపించే నిజాయితీనీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.